పైకి చదవని కొలతలు

సాయంత్రం దుకాణం మూసేముందు కొలతల టేపు చుట్టి డబ్బాలో పెట్టడం నా పని. ఒకప్పుడు దాన్ని చూస్తేనే మొహం తిప్పేసుకునేదాన్ని.

తొమ్మిదో తరగతిలో యూనిఫాం కొలతలకని బడికి ఒక దర్జీ వచ్చాడు. అందరినీ వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి కొలతా గట్టిగా చెబుతుంటే మాస్టారు రాసుకున్నారు. నా నడుము దగ్గరకొచ్చేసరికి టేపు రెండుసార్లు చూసుకుని, "నలభై" అన్నాడు. మూడేళ్లు నా పక్కనే కూర్చున్న స్నేహితురాలు అందరికంటే ముందు ఫక్కున నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు నలభై. హాజరు పిలిచేటప్పుడు నేను పలికేలోపే వెనక బెంచీలు ఆ అంకె పలికేవి. నాన్న పాత చొక్కాలు తప్ప ఇంకేమీ వేసుకోవడం మానేశాను. పదో తరగతి సగంలో బడే మానేశాను.

"నాలుగు మాటలంటే ఒళ్లేమైనా అరిగిపోతుందా? అరిగితే మంచిదేగా" అన్నాడు నాన్న. ఇంటికొచ్చినవాళ్లతో అమ్మనీ నన్నూ కలిపి, "మా ఇంట్లో రెండు గాదెలు" అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. నవ్వినవాళ్లకి కాఫీ కలిపి ఇచ్చేది అమ్మే. ఖాళీ కప్పులు కడిగేది కూడా అమ్మే.

అప్పుడు మేనత్త వచ్చింది. "వదినా, ఇది గోడలు చూస్తూ కూర్చునే బదులు నా దుకాణంలో గుండీలు కుడుతుంది, పంపించు" అంది.

"మొగుణ్ణి వదిలేసి వచ్చినదానివి. నీ బతుకే అతుకుల బొంత, దీనికేం నేర్పుతావ్?" అన్నాడు నాన్న.

"అతుకులెయ్యడమే నేర్పుతా అన్నయ్యా."

మొదటిరోజే ఒక సంగతి గమనించాను. అత్త తెర వెనక కొలత తీస్తుంది, తనే పుస్తకంలో రాసుకుంటుంది, నోరు మాత్రం మెదపదు. నువ్వు చెబుతుంటే నేను రాస్తాను, పని తొందరగా అవుతుంది కదా అన్నాను.

"అంకె కావలసింది బట్టకి. గదిలో వాళ్లందరికీ ఎందుకే?" అంది.

గుండీల డబ్బా ముందేసుకుని వెక్కివెక్కి ఏడ్చాను. అత్త ఓదార్చలేదు. నా ఏడుపు బయటికి వినపడకుండా మిషను ఇంకాస్త జోరుగా తొక్కింది. ఆ మేలు నేనెప్పటికీ మరిచిపోలేను. థాంక్స్ చెబితే మాత్రం, "సరేలే, ఆ దారమిలా అందించు" అంటుంది.

రెండేళ్లు గడిచాయి. పోయిన నెల అమ్మ పదో తరగతి ప్రైవేటు పరీక్ష దరఖాస్తు తెచ్చి, నాన్నకి చెప్పకుండా దుకాణంలో గుండీల డబ్బా కింద దాచింది. రోజూ చూసేదాన్ని, నింపేదాన్ని కాదు. పరీక్ష హాలంటే మళ్లీ వరుసలు, మళ్లీ వెనక బెంచీలు.

ఇవాళ ఆ స్నేహితురాలు ఇద్దరు అమ్మాయిల్ని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. బాగా ఒళ్లు చేసింది. అత్త బట్ట కత్తిరిస్తూ టేపు నాకిచ్చింది. తెర వెనకకి వెళ్లగానే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"పైకి అనకే. కాలేజీలో ఇప్పటికే నవ్వుతున్నారు."

"ఎంతొచ్చిందే?" అన్నారు బయటివాళ్లు, నవ్వు ఆపుకుంటూ.

అంకె నా నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధమెందుకు, మూడేళ్లుగా ఇలాంటి క్షణం కోసమే కలలు కన్నాను. పుస్తకంలో రాసి మూసేశాను.

"ఇక్కడ పైకి చదవం" అన్నాను, బయటికి వినపడేలా.

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు. "నన్ను క్షమించవే" అంది.

"క్షమించానో లేదో నాకే తెలీదు. ఎల్లుండి వచ్చి తీసుకెళ్లు."

వాళ్లు వెళ్లాక అత్త పుస్తకం చూసి, "భుజం కొలత మరిచిపోయావే" అంది. నేను డబ్బా కింది దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టాను. చుట్టిన టేపు మళ్లీ విప్పాను.

"అత్తా, పరీక్షకి నాకో జత కుట్టు. నా కొలతలు తియ్యి."

నాన్న చొక్కా విప్పి తెర వెనక నిలబడ్డాను. అత్త కొలిచింది, రాసింది, పుస్తకం నా చేతికిచ్చింది. పేజీ పైన, గుండ్రటి అక్షరాలతో నా పేరు రాసి ఉంది. కింద ఎంతుందో చూడకుండానే మూసేశాను.