వెయ్యి వాట్ల మౌనం

బావ కారు డిక్కీ తెరవగానే సౌండ్ మెకానిక్‌కి నవ్వూ ఏవగింపూ ఒకేసారి వచ్చాయి. లోపల దడదడమని మోగే రెండు సబ్‌వూఫర్ స్పీకర్లు, వాటి పక్కన సినిమా హాలుకి సరిపోయేంత ఆంప్లిఫయర్.

"నెల్లాళ్లుగా పాటల్లో బేస్ మోత రావట్లేదోయ్. అందుకే వెయ్యి వాట్లది కొన్నా," అన్నాడు బావ.

"వాట్లు పెంచితే పాట్లు పెరిగాయి. బుర్ర బేసిగా ఉంటే బేస్ ఎలా వస్తుంది బావా?"

వెనక సీట్లో అక్క, నిద్రపోతున్న పసిపాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మెకానిక్ రెండు సబ్‌వూఫర్ల వైర్లకూ చిన్న బ్యాటరీ తాకించి చూశాడు. ఒకదాని కాగితపు కోను ముందుకి పొంగింది, రెండోదానిది వెనక్కి పోయింది. ఒకదానికి వైర్లు తారుమారయ్యాయి. ఒకటి తోసిన గాలిని ఇంకొకటి లాగేస్తుంటే ఇక మోత ఎక్కడిది? ఇది బావ ఘనకార్యమేనని నాలుకకి పదును పెట్టుకుంటూ వంగి చూశాడు. వైరు కొస మూడు మెలికలు తిరిగి, చివర మడత పెట్టి ఉంది. రేడియోలు బాగుచేసే నాన్న తనకీ అక్కకీ మాత్రమే నేర్పిన ముడి అది. బావకి చెప్పుల బకిల్ పెట్టుకోవడమే సరిగ్గా రాదు.

తలెత్తితే అక్క తననే చూస్తోంది.

"ఈ నెల నుంచేరా పాప కార్లో నిద్రపోతోంది. అంతకుముందు గుక్కపట్టి ఏడ్చేది," అంది.

"దానికీ దీనికీ సంబంధమేంటే?" అని విసుక్కున్నాడు బావ. "ఏమోయ్, తేలిందా?"

మెకానిక్ ఎలా ఉన్న వైర్లను అలాగే బిగించాడు.

"ఈ కారుకి బేస్ పట్టదు బావా."

"అంటే, నీకు చేతకాదన్నమాట!"

పాప లేవకుండా మెకానిక్ డిక్కీని మెల్లగా మూశాడు.

"చేతకాదు బావా," అన్నాడు.