పిడులు మరిచిన ట్రే

మామగారి కొత్త కొట్లోకి కుట్టుమిషన్లు మోయడానికి బంధువులంతా ఆదివారం పొద్దున్నే దిగుతున్నారంటే, టిఫిను సంగతి తనకొదిలేయమని చిన్నల్లుడు ముందూ వెనకా చూడకుండా మాటిచ్చేశాడు. అతను రేకు పనివాడు. ట్రంకుపెట్టెలు చేస్తాడు. మామగారు దర్జీ. కూతురు తనంతట తానే వెతుక్కున్న మొగుడని, పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన అల్లుడితో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎదురుగా కూర్చుని కూడా, "అతను మంచినీళ్ళు తాగుతాడేమో అడగమ్మా," అనేవారు. "తాగుతానని చెప్పు," అని ఇతనూ పెళ్ళాంతోనే కబురంపేవాడు. మధ్యలో గొంతు ఎండిపోయేది ఆ పిల్లకి.

ఈ టిఫినుతోనైనా ఆయన నోరు తెరిపించాలని అల్లుడి పంతం. అందుకే అట్లతో సరిపెట్టకుండా పెద్ద పనే ఎత్తుకున్నాడు. బ్రెడ్డు ముక్కలు పరిచి, వేయించిన ఉల్లిపాయలూ క్యాప్సికమూ చల్లి, పాలల్లో గిలక్కొట్టిన గుడ్లు పోసి, పైన చీజు తురిమి ముందురోజే నానబెట్టాలి. పొద్దున్నే ఓవెన్లో పెడితే ఇంటిల్లిపాదికీ ఒకేసారి అయిపోతుంది. అంతమందికి సరిపడే ట్రే బజార్లో దొరకలేదు. దొరక్కపోతేనేం, రేకు పనివాడికి ట్రే ఒక లెక్కా? అత్తగారి ఓవెన్ లోపలి కొలత తీసుకుని తనే చేశాడు. రెండు పక్కలా దిట్టమైన పిడులు పెట్టి రివెట్లు కొట్టాడు. అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకుని తెగ మురిసిపోయాడు.

తెల్లారింది. వంటిల్లు జనంతో కిటకిటలాడుతోంది. అల్లుడు నిండు ట్రే ఎత్తి ఓవెన్ దగ్గరికి తెచ్చాడు. దూరలేదు. ఇంకో వైపు తిప్పాడు. ఊహూఁ! పిడులు అడ్డం. ట్రేని కొలిచాడు గానీ పిడుల్ని కొలవలేదు.

"పోన్లే, మధ్యాహ్నం భోజనానికి అందుతుంది," అన్నాడు పెద్ద బావమరిది. అందరూ గొల్లుమన్నారు. అల్లుడికి తల కొట్టేసినట్టయింది. మామగారి ముందే ఇలా జరగాలా అని ఏడుపొచ్చినంత పనైంది.

"పిడులు పైకి వంచెయ్."

నవ్వులు ఆగిపోయాయి. గుమ్మంలో మామగారు. కూతురి వంక కాదు, సూటిగా అల్లుడి వంకే చూస్తున్నారు.

"ఒలికిపోతుందేమో..." అని నసిగాడు అల్లుడు.

"నేను పట్టుకుంటా. ఒళ్ళు కొలిచి చేతులు మర్చిపోతే ఎలాగయ్యా? ఊఁ, ప్లయరు తే."

ఆయన ట్రేని పొట్టకానించి రెండు చేతులా వాటేసుకున్నారు. అల్లుడు ఒక్కో పిడినీ మెల్లగా పైకి వంచాడు. ఇస్త్రీ చొక్కా మీద గుడ్డు చింది జారుతున్నా ఆయన కదల్లేదు. ట్రే సుతారంగా లోపలికి జారింది.

కాసేపటికి అది బంగారు రంగులో పొంగి బయటికొచ్చింది. వెక్కిరించిన బావమరిది మారు వడ్డించుకుని మరీ తిన్నాడు. మామగారి పళ్ళెం కూడా ఖాళీ అయింది. అల్లుడు అది చూసి, అలవాటు కొద్దీ పెళ్ళాం చెవిలో, "ఇంకో ముక్క కావాలేమో అడుగు," అన్నాడు.

"నువ్వే అడుగు. నన్ను తిననీ," అందామె నిండు నోటితో.

అతను గొంతు సవరించుకునే లోపే పళ్ళెం ముందుకు జరిగింది.

"అంచు ముక్క పెట్టు, అల్లుడూ. అక్కడ కరకరలాడుతోంది."