రూలు ప్రకారం ఎక్కాల్సిన కొండ

టైలరుకు కొండ దిగడం మీద ఏనాడూ మోజు లేదు. ఎక్కడమే కావాలి. తోటివాళ్ళు లావు టైర్ల సైకిళ్ళు కొనుక్కునేది కేకలు పెడుతూ కిందికి జారిపోవడానికైతే, ఈయన కొనుక్కున్నది రోజంతా మిషను మీద వంగిన వెన్నును ఓ గంటసేపు చాపుకోవడానికి. మట్టిదారి ఎత్తు మీద, పెడళ్ళపై లేచి నిలబడి, రొమ్ము విరుచుకుని తొక్కుతుంటే నలభై ఆరేళ్ళ మనిషికి ప్రాణం లేచొచ్చేది. ఆ గంట లేకపోతే మిగతా రోజంతా ఆయనకు దండగ కిందే లెక్క.

దగ్గర్లో ఉన్న కొండ ఒక్కటే. దాని ఒడిలో జలాశయం. ఆ జలాశయానికి కాపలాదారు కూడా ఒక్కడే. ఖర్మ కాకపోతే ఆ కాపలాదారు టైలరుకు స్వయానా బావమరిది.

బావమరిదే కదా, చూసీచూడనట్టు వదిలేస్తాడని అనుకునేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బావ కుట్టిచ్చిన యూనిఫాం పాంటు, పెద్దాఫీసరు ముందు వంగి నమస్కారం పెట్టగానే వెనక ఫటుక్కుమంది. ఆరేళ్ళయినా ఆ చప్పుడు అతని చెవుల్లోంచి పోలేదు. అందుకని బావ విషయంలో రూలు అక్షరం పొల్లుపోకుండా పాటించేవాడు.

రూలు గేటు దగ్గర బోర్డు మీదే ఉంది. కట్ట మీద సైకిలు నిషేధం. నడకదారుల్లో నిషేధం. మొక్కల తోటలో నిషేధం. శాఖ నిర్వహణలో ఉన్న దారుల్లో మాత్రమే అనుమతి. ఆ అనుమతి ఉన్న దారేమో పంపుహౌసు చుట్టూ తిరిగే సిమెంటు రోడ్డు. అరచేతిలా చదునుగా ఉంటుంది. దాని మీద ఉసూరుమంటూ తొక్కే టైలరును ముసలివాళ్ళు నడుస్తూ కూడా దాటిపోయేవారు.

ఒకసారి కట్ట మీద దొరికాడు. రెండోసారి నడకదారిలో, ఒక పొద వెనక, సైకిలుతో సహా కూర్చుని ఉండగా దొరికాడు.

"ఇక్కడేం చేస్తున్నావు బావా?" అన్నాడు బావమరిది.

"గాలి పీల్చుకుంటున్నాను."

"సైకిలు కూడా పీల్చుకుంటోందా? చూడు, ఇది రెండోది. మూడోసారి దొరికితే బండి స్టోర్‌రూంలోకి పోతుంది. అందులోకి వెళ్ళింది బయటికి రావడం నేనింతవరకూ చూళ్ళేదు."

"మీ అక్క మొహం చూసైనా..."

"అక్క మొహం చూసే రెండుసార్లు వదిలాను. ఎన్నిసార్లు చూడమంటావు?"

ఇంటికొచ్చి భార్య దగ్గర మొర పెట్టుకుంటే ఆవిడ తేల్చి చెప్పేసింది. "మీరు రూలు ప్రకారం ఎక్కండి. వాడు రూలు ప్రకారం ఊరుకుంటాడు. నన్ను మాత్రం మధ్యలోకి లాగకండి."

టైలరుకు పౌరుషం వచ్చింది. రూలు ప్రకారమే ఎక్కుతాను, వాడు చూస్తుండగా ఎక్కుతాను అనుకున్నాడు. జలాశయం ఆఫీసు గోడకు కొండ మొత్తం గీసిన పటం ఉంది. నాలుగు పెద్ద కాగితాలు పైన రెండు, కింద రెండుగా అంటించిన పటం. శాఖ దారులన్నీ దాని మీద ఉన్నాయి. బిగుతైన రెండు చొక్కాలు వదులు చేసిపెడతానని గుమాస్తాను ఒప్పించి, ఒక్కో కాగితాన్నీ విడివిడిగా ట్రేసింగు కాగితం మీదికి ఎత్తుకున్నాడు. కాగితమైతే చెమటకు తడుస్తుందని లైనింగు గుడ్డ మీదికి దించాడు. అనుమతి ఉన్న దారులకు పచ్చదారం, లేనివాటికి ఎర్రదారం. ఆ తర్వాత నాలుగు ముక్కలూ కలిపి మిషను మీద కుట్టేశాడు. మడిచి జేబులో పెట్టుకుంటే రుమాలంత అయింది. అంత చక్కటి పటం ఆఫీసులో కూడా లేదని భార్యకు పదిసార్లు చెప్పుకున్నాడు.

పటంలో పంపుహౌసు దాటగానే ఒక పచ్చదారం సరాసరి కొండ పైకి పోతోంది. ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉన్నదాన్ని చూడలేదే అని నెత్తి కొట్టుకుని, ఆదివారం తెల్లవారగానే బయల్దేరాడు.

అబ్బ, ఏం ఎత్తు అది! రాళ్ళూ, మలుపులూ, చెట్ల వేళ్ళూ. టైలరు పెడళ్ళ మీద నిలబడ్డాడు. వెన్నులో ఎముకలు ఒక్కొక్కటే సర్దుకుంటున్నాయి. ఆనందం పట్టలేక పాట కూడా ఎత్తుకున్నాడు. ఆఖరి మలుపు తిరిగి, రెండు వరసల పూలకుండీల మధ్యనుంచి దూసుకుపోయి, ఒక పెరట్లో బట్టలారేసిన తీగకు చుట్టుకుని ఆగాడు.

ఎదురుగా ముఖం నిండా గడ్డం సబ్బు నురగతో, చేతిలో అద్దంతో బావమరిది నిలబడి ఉన్నాడు. అది అతని క్వార్టర్సు వెనకవైపు.

"పట్టుకుందామని నేను కొండంతా తిరుగుతుంటే, నువ్వే ఇంటికొచ్చి దొరికావా బావా?" అన్నాడు బావమరిది, సంతోషంతో సబ్బు నోట్లోకి పోతున్నా లెక్కచేయకుండా. "వచ్చింది మొక్కల తోటలోంచి. మూడోది."

టైలరు జేబులోంచి పటం లాగాడు. "పచ్చదారం! చూడు! ఇది శాఖ దారి!"

బావమరిది వినలేదు. సైకిలు స్టోర్‌రూంలోకి పోయింది. తాళం కూడా పడింది. టైలరు ఇంటికి నడిచి వచ్చి మిషను ముందు కూలబడ్డాడు. ఏడుపొక్కటే తక్కువ.

భార్యకు జాలేసింది. పటం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏవండీ, కాగితం అంచుదాకా గీసి గుడ్డ కత్తిరించారు కదా. కుట్టుకు అరంగుళం వదిలారా?" అంది.

టైలరు నోరు వెళ్ళబెట్టాడు. వదల్లేదు. పాతికేళ్ళుగా అలవాటైన చేతులు మాత్రం అటు అరంగుళం, ఇటు అరంగుళం లోపలికి తీసుకుని కుట్టేశాయి. అంగుళం కొండ మడతలోకి పోయింది. నేల మీద అది పావు కిలోమీటరు. మధ్యలోని మొక్కల తోట మడతలో పడి, కింది ముక్కలోని దారి పైముక్కలో సంబంధం లేని మరో పచ్చదారాన్ని, క్వార్టర్సుకు పోయేదాన్ని, పట్టుకుంది.

గబగబా కుట్టు విప్పాడు. మడత లోపల, ఎవరి కంటా పడకుండా, పచ్చదారం ఒకటి వంకర తిరిగి కొండ కొసకు పోతోంది. పక్కన ఆయన చేత్తోనే ఎత్తుకున్న చిన్న అక్షరాలు: పైపులైను దారి, నెలవారీ తనిఖీ.

సోమవారం దుకాణం తెరవకుండా ఆఫీసుకు పరుగెత్తాడు. గుమాస్తా తనిఖీ రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. ఆరేళ్ళు, నెల తప్పకుండా, గుండ్రటి దస్తూరీలో ఒకే వాక్యం: పైపులైను దారి కాలినడకన తనిఖీ చేయడమైనది, బాగున్నది. కింద బావమరిది సంతకం.

టైలరు రిజిస్టరును పసిబిడ్డలా ఎత్తుకుని గేటు దగ్గరికి వెళ్ళాడు.

"ఏరా, ఈ దారి ఎలా ఉంటుంది?"

బావమరిది నీళ్ళు నమిలాడు. "బాగుంటుంది."

"ఎటువైపు మొదలవుతుంది?"

"అదే... అటు."

"అటు అంటే జలాశయం మధ్యలోకి చూపిస్తున్నావు. నువ్వు వెళ్ళావా, వెళ్ళలేదా? వెళ్ళానంటే అది శాఖ దారి, నా సైకిలుకు అనుమతి ఉంది. వెళ్ళలేదంటే పెద్దాఫీసరును పిలుద్దాం. ఈసారి వంగినా చిరగని పాంటు కుట్టిస్తాను."

బావమరిది తాళాలగుత్తి వెనక్కి దాచుకున్నాడు. "నిన్న నువ్వొచ్చింది తోటలోంచి కదా."

"పడిన కుండీలు నేను నిలబెడతాను. ఎక్కని డెబ్బైరెండు కొండలు నువ్వు ఎక్కు."

స్టోర్‌రూం తాళం తెరుచుకుంది. అయితే బావమరిది కూడా మొండివాడే. దారి నిజంగా ఉందో లేదో కళ్ళారా చూస్తే తప్ప ఒప్పుకోనన్నాడు. ఇద్దరూ కలిసే బయల్దేరారు. పైపు పక్కనే ముళ్ళపొదలు కమ్మేసిన దారి దొరికింది. టైలరు ముందు బట్టలు కోసే పెద్ద కత్తెరతో కొమ్మలు నరికాడు, తర్వాత సైకిలెక్కాడు. వెనక బావమరిది రొప్పుతూ, దారిని, పైపును, బావను వరసగా తిడుతూ నడిచాడు. టైలరు లేచి నిలబడి తొక్కాడు. ఇది దొంగచాటు ఎక్కుడు కాదు. రూలే తనను వెనకనుంచి తోస్తున్నట్టనిపించి మనసు గాల్లో తేలిపోయింది.

కొసకు చేరాక బావమరిది చాలాసేపు కూర్చుని ఆయాసం తీర్చుకున్నాడు. కింద జలాశయం మొత్తం, ఈ చివరినుంచి ఆ చివరిదాకా, ఎండలో మెరుస్తోంది. ఆరేళ్ళుగా దానికి కాపలా కాస్తున్నా అతను దాన్ని ఇలా చూడటం అదే మొదలు.

"ఎంత పిచ్చివాణ్ణి బావా," అన్నాడు నెమ్మదిగా. "ఎన్నోసార్లు రావాల్సింది."

టైలరుకు అతని మీద ఉన్న కోపమంతా దిగిపోయింది. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. పొరపాటంతా అక్కడే జరిగింది.

"దిగడం నీకు ఇష్టముండదు కదా?" అన్నాడు బావమరిది, సైకిలు వంక చూస్తూ.

"ఉండదు."

"మరి బండి ఊరికే నడిపించుకుపోవడమెందుకు? ఇటివ్వు."

వద్దనేలోపే ఎక్కేశాడు. "బావోయ్!" అన్న కేక కొండ మలుపుల వెంట కిందికి, ఇంకా కిందికి జారుకుంటూ పోయింది. టైలరు ఆ కేక వింటూ, నవ్వుకుంటూ, నడిచి దిగాడు.

ఆ వారం నుంచి పైపులైను దారి తనిఖీ నెలకొకసారి కాక, రోజూ జరుగుతోంది. పొద్దున ఆరింటికల్లా బావమరిది టైలరు గుమ్మం ముందు నిలబడి, త్వరగా ఎక్కి సైకిలు పైకి చేర్చమని తొందరపెడుతున్నాడు.