దుబాసీ పిల్ల

"రేపు బడి మానెయ్. మీ బాను ఆసుపత్రికి తీసుకెళ్ళాలి," అన్నాడు బాపూజీ, కంచంలోంచి తలెత్తకుండా. ఆ గుజరాతీ ఇంట్లో నాన్న బాపూజీ, అమ్మ బా. రొట్టెలకు నెయ్యి రాస్తున్న హర్షిద, పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయని గుర్తుచేసింది. "ఒక్కపూటే కదా," అన్నాడాయన. పక్కనే తింటున్న అన్న కేతన్‌కు ఇంగ్లీషు ఆమెకంటే బాగా వచ్చు. కానీ అవి ఆడవాళ్ళ సంగతులట.

జాంబియాలోని ఆ చిన్న ఊళ్ళో, చోమాలో, గుజరాతీ కుటుంబాలు పద్దెనిమిది. దుకాణాల వెనక గదుల్లో కాపురముండే ఆడవాళ్ళలో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు తక్కువ. హర్షిదకు తొమ్మిదేళ్ళప్పుడు, పిన్ని వరసయ్యే కంచన్ మాసీ ఆమెను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "రక్తం ఆగడంలేదని చెప్పు," అంది. ఎక్కణ్ణుంచి రక్తమో తెలియక హర్షిద మాసీ ముక్కు చూపించింది. బయటికొచ్చాక మాసీ చెవి మెలిపెట్టింది. అయినా ఆ తర్వాత ఎవరికి ఏ జబ్బొచ్చినా హర్షిదకే కబురు. పదేళ్ళప్పుడు ఒకావిడకు, కడుపులో బిడ్డ బతికి లేదని తనే చెప్పాల్సివచ్చింది. ఆ సాయంత్రం ఎందుకు అన్నం తినలేదని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆదివారం భజనలో మాత్రం ఆ ఆడవాళ్ళే, "ఆ పిల్లకి నోరెక్కువ, ఎవడు చేసుకుంటాడో," అనేవారు. ఆ నోరే కావలసివచ్చినప్పుడు, "మా బంగారు తల్లి!"

ఆసుపత్రిలో డాక్టర్ మ్వింగా కాగితాలు చూసి, గర్భసంచిలో గడ్డ పెద్దదైందని, ఈ నెలలోనే ఆపరేషన్ చెయ్యాలని, తర్వాత ఆరు వారాలు బరువు ఎత్తకూడదని చెప్పింది. వెంట వచ్చిన బాపూజీకి ఇంగ్లీషు అర్థమవుతుంది. ఆయన గుజరాతీలో, గొంతు తగ్గించి, "మందులతో తగ్గుతుందని బాకు చెప్పు. నవరాత్రికి నలభైమందికి వండాలి. తర్వాత చూద్దాం," అన్నాడు.

బా పక్క గదిలో చీర సర్దుకుని వచ్చి కూర్చుంది. "ఏమంది?"

హర్షిద అంతా చెప్పింది. గడ్డ, ఆపరేషన్, ఆరు వారాలు. "నీకు చెప్పొద్దన్నాడు బాపూజీ," అని కూడా చెప్పింది.

బా తల దించుకుంది. ఏడుస్తుందనుకుంది హర్షిద. బా తలెత్తి, "ఆరు వారాలు వంటెవరు చేస్తారు?" అంది.

"హర్షిద ఉందిగా," అన్నాడు బాపూజీ, అడగాల్సిన పనే లేదన్నట్టు. బా తలాడించింది. నొప్పితో సగమైన మనిషి కూడా తన బరువు దించుకోవడానికి కూతురి భుజమే వెతికింది. హర్షిదకు ఒళ్ళు మండిపోయింది.

"ఏమంటున్నారు?" అడిగింది డాక్టరు.

"నేను బడి మానేసి వంట చెయ్యాలంటున్నారు," అంది హర్షిద ఇంగ్లీషులో. "నేను చెయ్యను. నాకు పరీక్షలున్నాయి." అదే మాట, ఒక్క ముక్క తగ్గించకుండా, గుజరాతీలోనూ చెప్పింది. "నువ్వు ఆపరేషన్ చేయించుకో, బా. రొట్టెలు బాపూజీ, కేతన్ చేసుకుంటారు."

"బయటివాళ్ళ ముందు పరువు తీస్తావా?" అన్నాడు బాపూజీ.

హర్షిద డాక్టరు వైపే తిరిగి కూర్చుంది. ఎనిమిదేళ్ళుగా ఆ గదిలో అందరి మాటా మోసింది. తన మాట చెప్పడం అదే మొదలు.

బా భర్తవైపు చూడలేదు. "ఆపరేషన్ ఏ రోజో అడుగు," అంది.