డెబ్బై రెండు దగ్గర ఆగిన తెర

మా ఆయన పనిచేసేది ఆసుపత్రి మానిటర్ల కంపెనీలో. నర్సుల బల్ల మీద, వార్డులోని గుండెలన్నిటి వేగం చూపించే పెట్టె ఉంటుందే, దాని లోపల కెర్నల్ అనే సాఫ్ట్‌వేర్ అడుగుపొర ఈయన చేతిపని. పెళ్ళయిన కొత్తలో "అయితే గుండె డాక్టరా?" అని అడిగినవాళ్ళని నేను సరిదిద్దేదాన్ని కాదు.

పోయిన సోమవారం ఒక ఆసుపత్రిలో ఆ తెర పదకొండు నిమిషాలు కదల్లేదు. ఆరో మంచం మీది పెద్దాయనకి డెబ్బై రెండు చూపిస్తూ ఉండిపోయింది. ఆయన గుండె అప్పటికే ఆగింది. గంట మోగలేదు. డెబ్బై రెండు మంచి అంకె, నర్సు ఎందుకు లేచి చూస్తుంది?

బుధవారానికల్లా ఈయన కారణం పట్టుకున్నారు. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు.

"మెమరీ నిండిపోయింది. రెండు ప్రాసెస్‌లు, అంటే లోపల నడిచే పనులు, ఒక్కోదానికి మెమరీలో రెండేసి గదులు కావాలి. చెరొకటే దొరికింది. రెండోది అవతలిదాని చేతిలో ఉంది."

"కొట్టుకుంటాయా?"

"కొట్టుకున్నా బాగుండేది. 'ముందు నువ్వు' అని ఇది తనది వదిలేస్తుంది. అదే క్షణంలో అదీ వదిలేస్తుంది. మళ్ళీ తీసుకుంటాయి, మళ్ళీ వదిలేస్తాయి. సెకనుకి లక్షసార్లు."

"ఆగిపోతే తట్టిలేపే కాపలా ప్రోగ్రాం ఉందన్నారుగా?"

"అది అడిగితే పనిలోనే ఉన్నామంటాయి. అబద్ధం కాదుగా."

"వాటికా మర్యాద నేర్పిందెవరు?"

ఆయన ఉల్లి తొక్కలకేసి చూశారు. ఆరేళ్ళ కిందట ఆ కోడ్ రాసింది ఆయనే.

సరిచెయ్యడానికి కావలసింది కోడ్‌లో రెండు వరసలు. రెంటిలో ముందొచ్చినది రెండోసారి వదలకూడదు, అంతే.

"మీ చెల్లెలిలాగా. తను మొదటిసారి కూడా వదలదనుకోండి."

ఆయన నవ్వలేదు. పై అధికారి వేరే మాట చెప్పాడట. కారణం 'మెమరీ చిప్‌లో లోపం' అని రాయాలి. ఆ రెండు వరసలూ మూడు నెలల తర్వాత వచ్చే మామూలు అప్‌డేట్‌లో చడీచప్పుడు లేకుండా కలిపెయ్యాలి. ఈలోగా నాలుగు వందల ఆసుపత్రుల్లో అవే పెట్టెలు.

గురువారం పొద్దున ఈయన ఆ ఆసుపత్రులన్నిటికీ ఉత్తరం తయారుచేశారు. తప్పు నాది, జతచేసిన సవరణ ప్యాచ్ ఇవాళే వేసుకోండి అని. అంతా రాసి, పంపకుండా ల్యాప్‌టాప్‌ని భోజనాల బల్ల మీద నావైపు తోశారు.

"పంపితే ఉద్యోగం ఉండదు. కేసు కూడా పెట్టొచ్చు. నీ ఇష్టం."

"నాదేముందండీ, మీ ఇష్టం."

"ఇంటి సంగతి కదా, నువ్వు చెప్పు."

"మీ పని సంగతి కదా, మీరు చెప్పండి."

మాకు పోట్లాడుకోవడం చేతకాదు. పద్నాలుగేళ్ళుగా చుట్టాలు మెచ్చుకునేది అదే. కాపురానికొచ్చిన ఏడాది కర్టెన్ల రంగు ఒకరికొకరం వదిలేసుకుని ఎనిమిది నెలలు తేల్చలేదు. ఎదురింటివాళ్ళు మా సంసారాన్ని మాకంటే బాగా ఎరుగుదురు.

గురువారమంతా ల్యాప్‌టాప్ ఆయన వైపుకీ నా వైపుకీ తిరిగింది. శుక్రవారం దాన్ని పక్కకి జరిపి కంచాలు పెట్టుకున్నాం.

శనివారం పదింటికి ఫోన్ వచ్చింది. వింటూ వింటూ ఆయన కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపారు. నేను జరిపాను.

"ఇంకో ఊళ్ళో. ఆపరేషనైన అమ్మాయి, పంతొమ్మిదేళ్ళు. తెర మీద ఎనభై ఒకటి ఉందట."

"పిల్ల?"

తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత నావైపు చూసి నోరు తెరిచారు. ఏ మాట రాబోతోందో నాకు తెలుసు.

"పంపుతున్నాను," అన్నాను.

ఉత్తరం పైన గురువారం తేదీ ఉంది. ఇవాళ్టిది వేద్దామని చెరపబోయాను.

"వద్దు," అన్నారు. నేను చేసేదానికి ఈయన అడ్డు చెప్పడం నాకు తెలిసి అదే మొదలు. "గురువారానికే మనకి తెలుసని ఆ ఆసుపత్రులకీ తెలియాలి."

చెరిపే మీట మీంచి వేలు తీశాను. తేదీ అలాగే ఉంచి పంపాను.