సుజాత కథ, నా గొంతు

అధ్యక్షత ఎవరైనా ఇస్తానంటే నేను కాదనను. విందులో అరిసె వడ్డించినప్పటిలా మర్యాదకు ఒకసారి చేయి అడ్డం పెట్టి, ఆపైన రెండు పెట్టించుకునే రకాన్ని. ములకలపల్లి దగ్గర ఒక అడవి ఊళ్లో ‘మా రాత, మా మూలాలు’ అంటూ రచయితల సభ పెట్టినప్పుడూ అదే జరిగింది.

మాది తిరుమలాయపాలెం. కోస్తా నుంచి వలసొచ్చిన మిర్చి రైతుల కుటుంబం. నేను ఖమ్మంలో ఏసీ కింద కూర్చుని అడవి కథలు రాస్తాను. ఆ రోజు వేదిక మీద నాతో పాటు తండా కవి హరిలాల్, ఆ ఊరి కోయ ఆడపిల్ల సుజాత ఉన్నారు. సుజాత కొత్తగూడెంలో నర్సు. తన కథను సొంత ఊరివాళ్లకు చదివి వినిపించడం ఆమెకు అదే మొదటిసారి. సాయంత్రం బస్సు తప్పితే డ్యూటీకి అందనని నాకు ముందే చెప్పింది.

మీ మీద ఎవరి ప్రభావం ఉందని నిర్వాహకులు అడిగితే హరిలాల్, “మా అమ్మ తిట్లు” అని చెప్పి కూర్చున్నాడు. తర్వాత మైకు నా చేతికొచ్చింది. నా ప్రభావాలు ఒకటా, రెండా? అడవి భాష నా నెత్తురులోనే ఉందన్నాను. ముందు వరసలో ఒకాయన కునుకు తీస్తుంటే కళ్లు మూసుకుని ఆస్వాదిస్తున్నాడనుకున్నాను. ఇంతలో బస్సు హారన్ మోగింది.

సుజాత లేచి తన కాగితాలు నా ముందు పెట్టింది.

“మీరే సదవండి సార్. మా అమ్మ ఇనాలని ఒచ్చింది” అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వెళ్లి బస్సెక్కింది.

చూస్తే అక్షరాలు తెలుగువే, భాష కోయ. ఒక్క ముక్క అర్థం కాలేదు.

“రాదని చెప్పున్రి సార్, ఏం గాదు” అన్నాడు హరిలాల్ మెల్లగా.

నెత్తురు మాట అన్న నోటితోనే రాదని ఎలా చెప్పను? గొంతు సవరించుకుని కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను.

కాసేపటికి జనం నవ్వారు. నవ్వింది నన్ను చూసి కాదని, కథలో ఏదో సరదా ఉందని అనిపించి ప్రాణం లేచొచ్చింది. నేనూ నవ్వు ముఖం పెట్టి, చేతులు తిప్పుతూ చదివాను. కునుకు తీసే ఆయన కూడా నిటారుగా కూర్చున్నాడు. నా సొంత కథ ఎవరూ అంత శ్రద్ధగా విన్న పాపాన పోలేదు. తర్వాత అంతా నిశ్శబ్దమైపోయారు. లీనమైపోయారనుకుని నవ్వు ఇంకాస్త పెంచి ముగించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సుజాత తల్లి గంగక్క వేదిక దగ్గరికి వచ్చి నా చేతిలోంచి కాగితాలు తీసుకుంది.

“మంచిగనే సదివినవ్ సారూ” అంది. “నా కొడుకు వాగుల కొట్టుకపోయిన కాడ గట్ల నవ్వినవేంది?”