ఖాజాగూడ గుట్టకు మంచు

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు, ఫొటో దుకాణం వీరేశం ఫొటోల వెనక కట్టే మంచుకొండల పరదా గీయమంటే మొగిలి ఖాజాగూడ గుట్టను గీశాడు. ఆ గుట్ట కిందే మొన్న ఎండాకాలం పెళ్లాం సీతాబాయిని పూడ్చాడు. ఆమె బతికుండగా ఒక్క ఫొటో కూడా దిగలేదు.

“ఏందిర మొగిలి, గీ రాళ్ల ముంగట పట్నపోళ్లు నిలవడతరా? జర మంచు పొయ్యి,” అన్నాడు వీరేశం.

“మంచు నేనేడ చూసిన్నన్నా?”

“సున్నం చూసినవ్ గద! గదే కొట్టు.”

మొగిలి కుంచె ముంచాడు. బండలన్నీ తెల్లబడ్డాయి. గుట్ట మొదట్లో ఎర్రమట్టి కుప్ప దగ్గర చెయ్యి ఆగిపోయింది.

“గీ జాగ ఒక్కటి ఇడిసిపెడ్తనే అన్నా. ఆమె సలికి ఓర్సదు.”

వీరేశం మూలనున్న ఫొటోల కుర్చీ వైపు చూశాడు.

“సరే తీ. గాడ కుర్చీ ఏస్త, ఎవ్వలకీ కనబడది.”

మరునాటి నుంచి కొత్త జంటలు ఆ కుర్చీ దగ్గరే నవ్వుతూ ఫొటోలు దిగాయి.